డిస్ట్రాయర్ దేన్ని ధ్వంసం చేయడానికి పుట్టింది?

యుద్ధనౌకల పేర్లలో చాలావాటికి తెరచాపల కాలం నాటి చరిత్ర ఉంది. ఫ్రిగేట్, కార్వెట్, స్లూప్ అనే మాటలు ఆవిరి యంత్రం రాకముందు నుంచే వాడుకలో ఉన్నాయి. డిస్ట్రాయర్ అలా కాదు. ఆ పేరు ఎందుకు, ఏ భయంలోంచి పుట్టిందో, ఇంచుమించు ఏ ఏడాది పుట్టిందో కూడా చెప్పవచ్చు. మన పత్రికలు దాన్ని ‘విధ్వంసక నౌక’ అని రాస్తాయి. చదివినవారికి తీరం మీద ఊళ్లకు ఊళ్లు తగలబెట్టే ఓడ కళ్లముందు మెదులుతుంది. అసలు పేరు చెప్పింది అది కాదు. అది మొదట ‘టార్పెడో బోట్ డిస్ట్రాయర్’. అంటే టార్పెడో పడవల పని పట్టే ఓడ. వాడుకలో ముందున్న రెండు మాటలూ రాలిపోయి చివరిది ఒక్కటే మిగిలింది. దేన్ని ధ్వంసం చేయాలో చెప్పే భాగం పోయి, ధ్వంసం చేయడం మాత్రం నిలిచింది. ఈ ఓడల కథ అర్థం కావాలంటే రాలిపోయిన ఆ రెండు మాటల దగ్గరే మొదలుపెట్టాలి.

టార్పెడో అనేది లాటిన్ నుంచి వచ్చిన మాట. తాకితే షాక్ కొట్టి చెయ్యి మొద్దుబార్చే ఒక జాతి చేపకు ఆ పేరు. 19వ శతాబ్దంలో చాలాకాలం నీళ్లలో అమర్చే మందుపాతరలను కూడా టార్పెడోలనే పిలిచారు. 1864లో అమెరికా అంతర్యుద్ధంలో మొబైల్ బే దగ్గర ఓడలను అడ్డుకున్న టార్పెడోలు అలాంటివే. అవి ఉన్నచోటే ఉంటాయి, ఓడ వచ్చి తగిలితే పేలతాయి. వాటికి కదలిక ఇచ్చినవాడు రాబర్ట్ వైట్‌హెడ్ అనే ఇంగ్లీషు ఇంజినీరు. అతను అప్పటి ఆస్ట్రియా సామ్రాజ్యంలోని ఫ్యూమే రేవులో పనిచేసేవాడు. ఇప్పుడది క్రొయేషియాలోని రియెకా. ఆస్ట్రియా నౌకాదళ అధికారి జొవాన్ని లుపిస్ తెచ్చిన ఆలోచనను మొదటినుంచీ మళ్లీ రూపొందించి, 1866 నాటికి సొంతంగా ఈదే టార్పెడోను తయారు చేశాడు. లోపల ఒత్తిడితో నింపిన గాలి చిన్న ఇంజన్ను తిప్పుతుంది, ఇంజన్ వెనక రెక్కను తిప్పుతుంది. అసలు చిక్కు లోతు దగ్గర వచ్చింది. మరీ పైకి తేలితే కనబడిపోతుంది, మరీ కిందికి దిగితే ఓడ అడుగు నుంచి దాటిపోతుంది. దీనికి వైట్‌హెడ్ నీటి ఒత్తిడికి స్పందించే ఒక వాల్వును, ఒక లోలకాన్ని జతచేసి, ఆ రెండూ కలిసి తోక దగ్గరి పలకలను తిప్పేలా అమర్చాడు. చాలా ఏళ్లపాటు దాన్ని వ్యాపార రహస్యంగా దాచిపెట్టి దేశాలకు అమ్ముకున్నాడు. బ్రిటన్ 1871లో తయారీ హక్కులు కొన్నది.

తొలి టార్పెడోల వేగం 6, 7 నాట్లే. ఒక నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు. అంత నెమ్మదైన ఆయుధాన్ని గురికి దగ్గరగా తీసుకెళ్లి వదలాలి, వదిలి పారిపోవాలి. అందుకోసం పుట్టింది టార్పెడో పడవ. సన్నగా, నీటికి అంటుకున్నట్టు, పెద్ద ఇంజన్‌తో. 1876లో థార్నీక్రాఫ్ట్ కంపెనీ బ్రిటిష్ నౌకాదళానికి కట్టిన లైట్నింగ్ ఆ రకం పడవల్లో తొలితరానిది. 1878 జనవరిలో రష్యా పడవలు బతూమి రేవులో ఒక టర్కీ ఆవిరి ఓడను టార్పెడోతో ముంచాయి. పెద్ద నౌకాదళాలకు గుండెదడ అక్కడినుంచి మొదలైంది. ఏళ్ల తరబడి కట్టిన ఇనుపకవచపు యుద్ధనౌక ఉంటుంది, అందులో వందలాది మంది సిబ్బంది ఉంటారు. దాని ఖర్చులో చిన్న భాగంతో తయారయ్యే పడవ రాత్రిపూట దగ్గరికి వచ్చి నీటిమట్టం కింద కన్నం పెట్టగలదు. కవచం ఎంత మందంగా ఉన్నా అడుగున ఉండదు.

ఫ్రాన్స్‌లో అడ్మిరల్ తియోఫిల్ ఓబ్ చుట్టూ చేరిన అధికారులు దీన్నే సిద్ధాంతంగా మలిచారు. బ్రిటన్‌తో ఓడకు ఓడ కట్టి పోటీ పడలేం, చవకైన టార్పెడో పడవలను గుంపులుగా వదులుదాం అని వాళ్ల వాదన. ఓబ్ 1886లో నౌకాశాఖ మంత్రి కూడా అయ్యాడు. ఆ వాదన ఊహాగానం కాదని 1891 ఏప్రిల్ 23న తేలిపోయింది. చిలీ అంతర్యుద్ధంలో కాల్డేరా రేవులో లంగరు వేసి ఉన్న బ్లాంకో ఎంకలాడా అనే ఇనుపకవచపు ఓడ మీదికి తెల్లవారకముందే రెండు టార్పెడో గన్‌బోట్లు, అంటే ఫిరంగులూ టార్పెడోలూ మోసే చిన్న ఓడలు వచ్చాయి. ఒక టార్పెడో తగిలింది. కొద్ది నిమిషాల్లోనే ఓడ మునిగింది. సొంతంగా కదిలే టార్పెడోకు బలైన తొలి కవచనౌక అదే.

విరుగుడు కోసం వెతుకులాట అప్పటికే నడుస్తోంది. బ్రిటన్ 1880లలో రాటిల్‌స్నేక్ లాంటి టార్పెడో గన్‌బోట్లు కట్టింది. వాటిని ‘క్యాచర్లు’ అని కూడా అన్నారు, పట్టుకునేవి అని. కానీ అవి పట్టుకోలేకపోయాయి. పడవలకంటే నెమ్మదిగా నడిచే ఓడ పడవలను ఎలా తరుముతుంది?

ఇక్కడ స్పెయిన్‌కు ఇవ్వాల్సిన గౌరవం ఇవ్వాలి. ఇంగ్లీషులో రాసిన చరిత్రల్లో అది తరచు ఒక వాక్యంతో ముగిసిపోతుంది. స్పెయిన్ నౌకాదళ అధికారి ఫెర్నాండో విల్యామిల్ టార్పెడో పడవలను వెంటాడే ఓడకు నమూనా గీశాడు. దాన్ని స్కాట్లండ్‌లో క్లైడ్‌బ్యాంక్ రేవులో జె. అండ్ జి. థామ్సన్ కంపెనీ కట్టింది. 1886లో నీళ్లలోకి దిగి, 1887లో దళంలో చేరింది. పరీక్షల్లో 22 నాట్లు దాటింది. దాని పేరు దెస్త్రుక్తోర్. ధ్వంసం చేసేది అనే అర్థం. బ్రిటన్ ఆ మాటను తన ఓడలకు వాడడానికి ఐదారేళ్ల ముందే ఈ పేరు ఒక ఓడ వెనకభాగాన రాసి ఉంది. ఇంగ్లీషువాళ్లు దీన్ని చూసే ఆ పేరు తీసుకున్నారని గట్టిగా చెప్పలేం కానీ, మాట మీదా ఆలోచన మీదా విల్యామిల్‌కు ముందువరస హక్కు ఉంది. ఆయన 1898 జులై 3న క్యూబాలోని సాంతియాగో దగ్గర అమెరికాతో జరిగిన యుద్ధంలో ఫురోర్ అనే డిస్ట్రాయర్ మీదే చనిపోయాడు.

ఇంగ్లీషు పేరు స్థిరపడింది 1892లో. ఆ ఏడాది జాన్ ఫిషర్ బ్రిటిష్ నౌకాదళంలో ఓడల నిర్మాణం చూసే కంట్రోలర్ పదవికి వచ్చాడు. ఓడల తయారీదారు ఆల్‌ఫ్రెడ్ యారో ఫ్రాన్స్ వెళ్లి అక్కడి కొత్త టార్పెడో పడవల వేగం గురించి తెలుసుకుని, వాటిని మించే ఓడ తాను కట్టగలనని చెప్పాడు. ఫిషర్ యారో, థార్నీక్రాఫ్ట్, లెయిర్డ్ అనే మూడు కంపెనీలకు తలా రెండు ఓడలు ఆర్డర్ ఇచ్చాడు. ఏ నమూనా గీయాలో వాళ్లకే వదిలేసి, వేగం మాత్రం కచ్చితంగా కావాలన్నాడు. చిలీలో బ్లాంకో ఎంకలాడాను ముంచిన గన్‌బోట్లను కట్టింది కూడా ఈ లెయిర్డ్ కంపెనీయే. రోగమూ మందూ ఒకే షెడ్డులో తయారయ్యాయి. కొత్త ఓడలను టార్పెడో బోట్ డిస్ట్రాయర్లు అని పిలుద్దామన్నది ఫిషరేనని చెబుతారు.

మొదట నీళ్లలోకి దిగింది యారో కట్టిన హావక్, 1893లో. పొడవు 55 మీటర్లు, వెడల్పు ఆరు మీటర్లకు తక్కువ, బరువు 240 టన్నుల చిల్లర. వేగం 26 నాట్లు దాటింది. ముందుభాగాన 12 పౌండ్ల గుళ్లు పేల్చే ఒక ఫిరంగి, పక్కల చిన్న ఫిరంగులు మూడు, వాటితోపాటు టార్పెడో గొట్టాలు. లోపల ఎక్కువ చోటు బాయిలర్లకూ ఇంజన్లకూ పోయింది, మనుషులకు మిగిలిందే వాళ్లది. అల జారిపోవాలని ముందు డెక్కును తాబేటి వీపులా వంచారు. ఆచరణలో అలలు ఆ వంపు మీదుగా లేచి ఓడను నడిపే బ్రిడ్జి అనే వేదిక మీద నిలబడ్డవాళ్లను తడిపి ముద్ద చేసేవి. పూర్తి వేగంతో నడిస్తే రేకు మొత్తం అదిరేది. పరుపులు ఆరేవి కావు, పొయ్యి వెలిగించడమే గగనం. ఆ కష్టానికి నావికులకు జీతం మీద కొంత అదనంగా ఇచ్చేవారు. దాన్ని ‘హార్డ్ లైయింగ్ మనీ’ అనేవారు, పడుకోవడానికి కూడా సుఖం లేనందుకు ఇచ్చే డబ్బు. ఆ తరం ఓడలు ఎంత పలచగా ఉండేవో చెప్పడానికి కోబ్రా చాలు. ఆవిరి టర్బైన్‌తో నడిచిన ఆ డిస్ట్రాయర్ 1901లో ఉత్తర సముద్రంలో రెండుగా విరిగిపోయింది. అంత భయంకరమైన పేరు మోసిన ఓడ నిజానికి నౌకాదళంలో అన్నిటికంటే బక్కది. దాని ఉద్యోగం కాపలా. పెద్ద ఓడల చుట్టూ తిరుగుతూ, వాటి దగ్గరికి చొరబడే చిన్న పడవలను తరిమికొట్టడం.

మూడు మాటల పేరు పలకడానికి బరువే. దస్త్రాల్లో టి.బి.డి. అని కుదించారు, నావికుల నోట డిస్ట్రాయర్ అయింది. పైగా ఈ ఓడలు వచ్చిన కొద్దికాలానికే చిన్న టార్పెడో పడవల జోరు తగ్గింది. శత్రువు కనుమరుగయ్యాక శత్రువు పేరు కూడా ఎందుకని జనం అనుకున్నట్టుంది. ఆ కుదింపు జరగకముందు పేరును తీసుకున్న భాషల్లో పాత అర్థం ఇప్పటికీ కనిపిస్తుంది. ఇటాలియన్‌లో డిస్ట్రాయర్‌ను కాచ్చాతోర్పెదినియేరే అంటారు, టార్పెడో పడవలను వేటాడేది అని. ఫ్రెంచిలో చాలాకాలం కోంత్ర్ తోర్పియ్యర్ అన్నారు, టార్పెడో పడవకు ఎదురు నిలిచేది. డచ్చివాళ్లు టార్పెడో పడవల వేటగాడు అని పెట్టి, తర్వాత దాన్ని యాగర్ అని, అంటే ఉత్త వేటగాడని కుదించుకున్నారు. జపనీస్ కుచికుకాన్‌లో ఉన్నది తరిమివేయడం. చైనా భాషలోనూ అదే భావం. ఫార్సీలో నావ్‌షెకన్ అంటారు, ఓడను విరగ్గొట్టేది. ఆ మొదటి మాట మనకు తెలిసిన నావే. అరబిక్ ముదమ్మిరా, హిందీ విధ్వంసక్, తెలుగు విధ్వంసక నౌక మాత్రం కుదించిన ఇంగ్లీషు పేరునే అనువదించాయి. అందుకే వీటిలో వేట లేదు, కాపలా లేదు, వినాశనం ఒక్కటే ఉంది. తప్పు అనువాదకులది కాదు. వాళ్ల చేతికి వచ్చిన పేరే సగం.

రష్యన్ దారి వేరు. అక్కడ ఎస్మినెట్స్ అంటారు. ‘దళంతోపాటు నడిచే మైన్ల వాహకం’ అనే పొడవైన పేరుకు అది పొట్టిరూపం. టార్పెడోను అప్పట్లో రష్యన్లు తనంతట కదిలే మైన్ అనేవారు. టార్పెడోలను ఆపే ఓడ అని కాకుండా, టార్పెడోలను మోసే ఓడ అని వాళ్లు చూశారన్నమాట. ఆ చూపులోనూ నిజం ఉంది. 1904 ఫిబ్రవరి 8 రాత్రి పోర్ట్ ఆర్థర్ రేవు బయట లంగరు వేసిన రష్యా నౌకల మీదికి వచ్చినవి జపాన్ డిస్ట్రాయర్లే. వాటి టార్పెడోలు త్సెసరేవిచ్, రెత్విజాన్, పల్లాడా అనే మూడు పెద్ద నౌకలను గాయపరిచాయి. టార్పెడో పడవను చంపడానికి పుట్టిన ఓడ, పదేళ్లు తిరిగేసరికి తానే పెద్ద టార్పెడో పడవ అయింది.

మొదటి ప్రపంచ యుద్ధం దానికి మళ్లీ కాపలా పని అప్పగించింది. ఈసారి దొంగ నీళ్ల కింద ఉన్నాడు. 1914 సెప్టెంబరు 22న యు-9 అనే ఒక్క జర్మన్ సబ్‌మెరైన్ గంటన్నర లోపు మూడు బ్రిటిష్ క్రూయిజర్లను ముంచింది. సబ్‌మెరైన్ జాడ కనబడిన చోటికి పరుగెత్తి చేరాలంటే వేగం కావాలి, చటుక్కున తిరగాలి. ఆ రెండూ డిస్ట్రాయర్‌కే ఉన్నాయి. డెప్త్ చార్జ్ అనే పేలుడు పీపాలు 1916 నుంచి వాడకంలోకి వచ్చాయి. వాటిని ఓడ వెనక నుంచి దొర్లిస్తే నిర్ణయించిన లోతుకు దిగాక నీటి ఒత్తిడికి పేలతాయి. 1917లో సరుకు ఓడలను గుంపులుగా నడిపించడం మొదలయ్యాక ప్రతి గుంపుకూ డిస్ట్రాయర్ల కాపు అవసరమైంది. 1930 లండన్ నౌకా ఒప్పందం ఈ ఓడకు అధికారిక నిర్వచనం ఇచ్చింది. బరువు 1,850 టన్నులు మించకూడదు, ఫిరంగి గొట్టం వ్యాసం 5.1 అంగుళాలు మించకూడదు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా ఫ్లెచర్ తరగతి ఓడలనే 175 కట్టింది. నావికులు వాటిని ముద్దుగా ‘టిన్ క్యాన్’ అన్నారు, రేకు డబ్బా.

భారత నౌకాదళానికి డిస్ట్రాయర్లు స్వాతంత్ర్యం తర్వాత, 1949లో వచ్చాయి. బ్రిటన్ దగ్గర యుద్ధకాలంలో పనిచేసిన మూడు పాత ఓడలు రాజ్‌పుత్, రంజిత్, రాణా అయ్యాయి. వీటిలో రాజ్‌పుత్ విశాఖ చరిత్రలో చేరిపోయింది. 1971 యుద్ధంలో పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం బంగాళాఖాతంలోకి వచ్చింది. విక్రాంత్‌ను అండమాన్ వైపు దాచి, అది విశాఖ దగ్గరే ఉందని శత్రువును నమ్మించే పని పాత రాజ్‌పుత్‌కు అప్పగించారు. విక్రాంత్ పంపినట్టే అది వైర్‌లెస్ సందేశాలు పంపింది. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక రేవు బయట పెద్ద పేలుడు వినిపించింది, ఘాజీ మునిగింది. రేవు దాటుతూ రాజ్‌పుత్ వదిలిన డెప్త్ చార్జ్‌ల వల్లే మునిగిందని భారత నౌకాదళం చెబుతుంది. తాను పరుస్తున్న మైన్లే పేలి ఉంటాయని పాకిస్తాన్ వాదన. ఏది నిజమైనా, పెద్ద ఓడను కాపాడడానికి ప్రమాదానికి ఎదురెళ్లిన ఆ చిన్న ఓడ తన తరగతికి పుట్టుకతో వచ్చిన ఉద్యోగమే చేసింది. ఆర్కే బీచ్‌లోని ‘విక్టరీ ఎట్ సీ’ స్తూపం దగ్గర ఫొటోలు దిగేవాళ్లకు రాజ్‌పుత్ పేరు కూడా తెలియాలి.

మర్నాటి రాత్రి పశ్చిమ తీరంలో దీనికి పూర్తిగా తిరగబడిన దృశ్యం. కరాచీ దగ్గర భారత మిస్సైల్ పడవ నిర్ఘాత్ పాకిస్తాన్ డిస్ట్రాయర్ ఖైబర్‌ను క్షిపణులతో ముంచింది. అంతకు నాలుగేళ్ల ముందు, 1967 అక్టోబరులో ఇజ్రాయెల్ డిస్ట్రాయర్ ఐలాత్‌ను ఈజిప్టు పడవలు ఇలాగే ముంచాయి. చవకైన చిన్న పడవ ఖరీదైన పెద్ద ఓడను ముంచడమన్నది 1880ల నాటి పీడకలే. ఈసారి చిన్న పడవ చేతిలో టార్పెడోకు బదులు క్షిపణి ఉంది, పెద్ద ఓడ స్థానంలో డిస్ట్రాయర్ ఉంది. ఆ దెబ్బ తర్వాత గాల్లో వచ్చే క్షిపణిని గాల్లోనే కూల్చడం డిస్ట్రాయర్ల ముఖ్యమైన పని అయింది. దానికి పెద్ద రాడార్లు, క్షిపణుల అరలు, వాటికి కరెంటు, అన్నీ మోసే పెద్ద ఒళ్లు కావాల్సి వచ్చాయి. ఓడ ఉబ్బడానికి కారణం ఇదే.

ఓడ పెరిగింది గానీ పేరు కొలత తప్పింది. గోదావరి పేరు మోసిన ఓడలను చూస్తే ఇది తేటగా కనిపిస్తుంది. తొలి గోదావరి రెండో ప్రపంచ యుద్ధం నాటి స్లూప్, దేశ విభజనలో పాకిస్తాన్‌కు వెళ్లి సింధ్ అయింది. రెండోది 1953లో బ్రిటన్ నుంచి తెచ్చుకున్న ఎస్కార్ట్ డిస్ట్రాయర్, వెయ్యి టన్నుల చిల్లర. మూడోది ముంబయిలో కట్టి 1983లో ప్రారంభించిన ఫ్రిగేట్, సుమారు 3,800 టన్నులు. ఫ్రిగేట్ అంటే డిస్ట్రాయర్ కంటే చిన్నదని చదువుకున్నవాళ్లకు ఆ ఫ్రిగేట్ పాత డిస్ట్రాయర్ కంటే మూడింతలు బరువుండడం అయోమయంగా అనిపిస్తుంది. 1980లో సోవియట్ యూనియన్ నుంచి వచ్చిన రెండో రాజ్‌పుత్‌ను మనం డిస్ట్రాయర్ అన్నాం. అదే నమూనా ఓడలను సోవియట్లు తమ దళంలో ‘పెద్ద సబ్‌మెరైన్ నిరోధక నౌకలు’ అన్నారు. ఇక జపాన్. యుద్ధానంతర రాజ్యాంగం వల్ల దాడి చేసే పేర్లను ఆ దేశం ఇష్టపడదు. కుచికుకాన్ అనే మాట వదిలేసి గోయైకాన్, అంటే రక్షణగా వెంట నడిచే నౌక అంటుంది. ఆ పేరు కిందే 248 మీటర్ల ఇజుమో కూడా ఉంది. దాన్ని ఎవరు చూసినా విమానవాహక నౌక అనే అంటారు. డిస్ట్రాయర్, ఫ్రిగేట్ అనే మాటలు ఇవాళ బరువును గానీ ఆయుధాలను గానీ చెప్పవు. ఫలానా దేశం ఆ ఓడను ఎలా చూపించుకోవాలనుకుంటోందో చెబుతాయి. 2025 ఆగస్టు 26న విశాఖలో దళంలో చేరిన ఉదయగిరి, హిమగిరి ఫ్రిగేట్లు ఒక్కొక్కటి 6,600 టన్నులు దాటాయి. 1997 నాటి ఢిల్లీ తరగతి డిస్ట్రాయర్లూ దాదాపు అంతే.

బరువు లెక్కలు వదిలేసి పని చూస్తే మాత్రం పాత పేరు ఇంకా సరిపోతుంది. 2023 అక్టోబరు 19న ఎర్ర సముద్రంలో అమెరికా డిస్ట్రాయర్ కార్నీ యెమెన్ నుంచి వచ్చిన డ్రోన్లను, క్షిపణులను కూల్చింది. తర్వాతి నెలల్లో బ్రిటిష్ డిస్ట్రాయర్ డైమండ్ కూడా అదే పనిలో పడింది. చవకగా తయారై గుంపులుగా వచ్చే డ్రోన్, దాని గురి అయిన వందల కోట్ల సరుకు ఓడ, మధ్యలో అడ్డుపడే డిస్ట్రాయర్. ఒక్కో డ్రోన్ మీద దానికి ఎన్నో రెట్లు ఖరీదైన క్షిపణిని ఖర్చు పెట్టాల్సి రావడం ఇప్పటి నౌకాదళాల తలనొప్పి. ఓబ్ శిష్యులు ఆశించిన లెక్కే అది.

ఆ రోజుల్లోనే, 2024 జనవరి 26న, గల్ఫ్ ఆఫ్ ఏడెన్‌లో యెమెన్‌లోని హౌతీ తిరుగుబాటుదారుల క్షిపణి తగిలి మార్లిన్ లువాండా అనే చమురు ఓడ అంటుకుంది. నాఫ్తా అనే తేలిగ్గా అంటుకునే చమురు నిండిన ఆ ఓడలో 22 మంది భారతీయులు, ఒక బంగ్లాదేశీయుడు ఉన్నారు. సాయం కోరగానే వెళ్లింది ఐఎన్‌ఎస్ విశాఖపట్నం. ముంబయి మజగావ్ డాక్‌లో కట్టి 2021లో దళంలో చేర్చిన 163 మీటర్ల డిస్ట్రాయర్ అది, హావక్‌కు ముప్పై రెట్ల బరువు, బ్రహ్మోస్ క్షిపణులు మోసే ఓడ. దాని అగ్నిమాపక బృందం చమురు ఓడ మీదికి ఎక్కి, అక్కడి సిబ్బందితో కలిసి గంటల తరబడి పోరాడి మంటలను అదుపులోకి తెచ్చింది. మర్నాడు మన పత్రికల్లో వచ్చిన వార్తల్లోనూ దాన్ని విధ్వంసక నౌక అనే రాశారు.